తొలి ఏడాదిని దాటించాలి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి డిగ్రీ ప్రవేశాలు ముగిసేదాకా మన పేటల్లో చదువు మాట గట్టిగానే వినిపిస్తుంది. మసీదు కమిటీలు, అంజుమన్‌లు, యువజన సంఘాలు మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు కప్పుతాయి, జ్ఞాపికలు అందిస్తాయి. చదువుమన్న ఆదేశంతోనే వహీ ఆరంభమైందని వక్తలు గుర్తుచేస్తారు. మూడేళ్ల తరువాత పట్టా పుచ్చుకున్నవారిని మళ్ళీ అదే వేదిక మీదకు పిలుస్తారు. ఇవన్నీ జరగవలసిన పనులే. అయితే ఆ శాలువాకూ ఆ పట్టాకూ నడుమ, మరీ ముఖ్యంగా మొదటి పన్నెండు నెలల్లో, మన బిడ్డ తరగతి గదిలో ఏమి అనుభవిస్తున్నదని అడిగే వేదిక ఏదీ కనిపించదు. చదువులు తెగిపోతున్నది సరిగ్గా అక్కడే.

పదవీ విరమణ అనంతరం ఉపకారవేతన దరఖాస్తులు నింపిపెట్టే పనిలో కాలం గడుపుతున్న మాకు ఏటా ఒకే దృశ్యం ఎదురవుతోంది. మొదటి ఏడాది దరఖాస్తు కోసం వచ్చిన ముఖాల్లో కొన్ని రెండవ ఏడాది రెన్యువల్ నాటికి కనిపించవు. రెండవ ఏడాదికి చేరినవారు మాత్రం చాలావరకు చివరిదాకా వస్తారు. డిగ్రీ చదువుకు అసలు గండం తొలి సంవత్సరమే. అందులోనూ ప్రయోగశాల, రికార్డు, కొత్త భాష కలసి వచ్చే సైన్సు విద్యార్థికి ఆ గండం మరింత పెద్దది.

ఈ నష్టం ఎంతటిదో తెలియాలంటే ఒక పాత లెక్కను తలచుకోవాలి. 2005 మార్చిలో ఏర్పాటైన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరు 30న పార్లమెంటు ముందుకు వచ్చింది. దేశంలో 20 ఏళ్లు పైబడిన జనాభాలో పట్టభద్రులు, డిప్లొమా చదివినవారు 7 శాతం దాకా ఉండగా ముస్లింలలో వారు 4 శాతం కూడా లేరని ఆ నివేదిక తేల్చింది. ఆ తరువాత మన రాష్ట్రంలో 2007 చట్టం ద్వారా బీసీ-ఇ వర్గానికి 4 శాతం రిజర్వేషన్ దక్కింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కళాశాల గడప తొక్కే పిల్లల సంఖ్య మన కళ్లముందే పెరిగింది. తలుపు తెరుచుకున్నదన్నది నిజం. లోపలికి అడుగుపెట్టిన బిడ్డ అక్కడ నిలదొక్కుకోవడం వేరే సంగతి. దానికి కావలసినవీ వేరే.

ఒక చిన్న పట్టణంలోని డిగ్రీ కళాశాలలో బీఎస్సీ జీవశాస్త్రాల కోర్సులో చేరిన ఒక విద్యార్థిని సంగతి పాఠకుల ముందుంచుతున్నాము. తండ్రి తోపుడు బండి మీద పండ్లు అమ్ముతాడు. తల్లి ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పదో తరగతి, ఇంటర్ రెండూ ఉర్దూ మాధ్యమంలోనే చదివింది. మార్కులకు లోటు లేదు. ఆకులో ఆహారం తయారయ్యే ప్రక్రియను ఆమె ‘జియాయీ తాలీఫ్’ అన్న పేరుతో క్షుణ్ణంగా నేర్చుకుంది. ఆమ్లాన్ని ‘తుర్షా’ అనీ, క్షారాన్ని ‘అసాస్’ అనీ, కణాన్ని ‘ఖలియా’ అనీ చదువుకుంది. డిగ్రీ తరగతిలో తొలిరోజు నుండే బోధన అంతా ఇంగ్లీషులో సాగింది. ఫోటోసింథసిస్ అన్నది తాను రెండుసార్లు పరీక్ష రాసి నూటికి తొంభై తెచ్చుకున్న పాఠమేనని ఆమెకు తెలియడానికి వారం పట్టింది. తెలిసిన విషయమే తెలియనిదై కూర్చోవడం కన్నా అవమానం విద్యార్థికి మరొకటి ఉండదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఈ కష్టం మన పిల్లలది మాత్రమే కాదు. ఆమె పక్కన కూర్చున్న తెలుగు మాధ్యమపు అమ్మాయికి అదే పాఠం ‘కిరణజన్య సంయోగక్రియ’గా తెలుసు. ఇద్దరూ ఆ ఇంగ్లీషు మాట ముందు ఒకే తీరుగా తెల్లబోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులన్నింటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చారు. ఇంగ్లీషు వద్దని మేము అనము. పై చదువులకూ ఉద్యోగానికీ ఆ భాష అవసరమని పండ్ల బండి తండ్రికి కూడా తెలుసు. ఒడ్డు మార్చమన్నప్పుడు మధ్యలో వంతెన వేయాలి కదా అన్నదే మా ప్రశ్న. ఏదో నాలుగు రోజుల పరిచయ తరగతులు జరిపి, ఫోటో తీసి, నివేదిక పంపితే అది వంతెన కాదు. మూడు భాషల్లో పక్కపక్కన పదాలు చూపే చిన్న పట్టిక ఒక్కటి, ప్రతి పాఠానికి ఒక పుట చొప్పున చేతికిస్తే సగం భయం తీరుతుంది. ఆ ఇద్దరమ్మాయిలు చివరకు చేసింది అదే. ఒక నోటుపుస్తకాన్ని నిలువునా మూడు గళ్లుగా విభజించి ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాటలు ఎదురెదురుగా రాసుకున్నారు. రెండు నెలల తరువాత ఆ పుస్తకం తరగతిలో చేతులు మారుతూ తిరిగింది.

ఉర్దూలో సైన్సు చదవడమే పొరపాటని కొందరు తేలికగా తేల్చేస్తారు. హైదరాబాదులో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మూడు దశాబ్దాల పాటు ఉర్దూ మాధ్యమంలో విజ్ఞానశాస్త్రాలను, వైద్యాన్ని, ఇంజనీరింగును బోధించింది. అందుకోసం ఒక సంవత్సరం ముందుగానే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదాలను సిద్ధం చేయించారు. ముందు పుస్తకం, తరువాత తరగతి అన్నది వారు పాటించిన క్రమం. ఈనాడు తరగతి ముందు వచ్చింది. పుస్తకం కోసం బిడ్డ వెతుక్కోవలసి వస్తోంది. లోపం ఆమె చదివిన భాషది కాదు. ఒక భాష నుండి మరొక భాషకు చేయి పట్టుకుని నడిపించే ఏర్పాటు లేకపోవడమే లోపం.

ఇక ప్రయోగశాల సంగతి. ఇంటర్మీడియట్‌లో చాలామంది పిల్లలు పరీక్షనాళికను చేతపట్టకుండానే ప్రయోగ పరీక్షల మార్కులు తెచ్చుకుంటున్నారన్నది బహిరంగ రహస్యం. డిగ్రీ తొలి సెమిస్టరులో లవణ విశ్లేషణ అనగానే ఆ లోటు బయటపడుతుంది. నైట్రేటును గుర్తించే గోధుమరంగు వలయ పరీక్షనే తీసుకుందాం. లవణ ద్రావణానికి అప్పటికప్పుడు చేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపి, పరీక్షనాళికను ఏటవాలుగా పట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని దాని గోడ వెంట నెమ్మదిగా జార్చాలి. రెండు ద్రవాలు కలిసే చోట గోధుమరంగు వలయం కట్టాలి. చేయి వణికినా, నాళిక కదిలినా వలయం చెదిరిపోతుంది. ఆ విద్యార్థినికి మొదటి రెండుసార్లు చెదిరిపోయింది. మూడవసారి వలయం నిలిచింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి “అమ్మీ, వచ్చింది” అన్నదట. ఏమి వచ్చిందో తల్లికి అర్థం కాలేదు. బిడ్డ ముఖం వెలగడం మాత్రం అర్థమైంది. ఆ మాట మాకు తల్లే చెప్పింది.

ఆ వలయం నిలవడానికి వెనుక ఒక అధ్యాపకుడు ఉన్నాడు. తరగతిలో నలభై మంది కూడా లేరు కాబట్టి ఎవరి చేయి వణుకుతోందో ఆయనకు కనిపించింది. ‘ఆల్కలీ’ అన్న మాట అరబ్బీ ‘అల్-ఖలీ’ నుండి వచ్చిందనీ, మొక్కలను కాల్చిన బూడిదకు అది పేరనీ ఆయన పాఠంలో భాగంగా చెప్పాడట. ఆల్జీబ్రా ‘అల్-జబ్ర్’ నుండి వచ్చినట్లే ఇదీ. తనకు పరాయిదనుకున్న పుస్తకంలో తన ఇంటి మాట వంటిది కనిపించినప్పుడు ఆ బిడ్డ తలెత్తి కూర్చుంది. ఈ సంగతిని మన సభల్లో చెప్పే తీరు వేరు. జాబిర్ ఇబ్న్ హయ్యాన్, ఇబ్నుల్ హైసమ్ పేర్లు వల్లించి చప్పట్లు కొట్టించుకుంటాం. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న చందంగా అది ముగిసిపోతుంది. ఆ పేర్ల వల్ల నిజమైన ప్రయోజనం తొలి ఏడాది విద్యార్థి బల్ల దగ్గర ఉన్నది. అధ్యాపకుడు చెప్పినట్లు ఒక్క మాటగా, సందర్భంలో చెబితే చాలు.

చిన్న కళాశాల విలువ ఇక్కడే తెలుస్తుంది. దానికి లోపాలు లేవని కాదు. కొన్ని పోస్టులు ఖాళీగా ఉంటాయి. అతిథి అధ్యాపకుడు ఏడాది మధ్యలో మారిపోతాడు. రసాయనాలు అయిపోతే మళ్ళీ వచ్చేదాకా ప్రయోగం ఆగుతుంది. అయినా ఆ కళాశాల ఇంటికి దగ్గర. ఉదయం వెళ్లిన ఆడపిల్ల అసర్ నమాజు వేళకు ఇల్లు చేరుతుంది. అది పట్టణంలో లేకపోతే ఆ పిల్ల మరో పెద్ద కళాశాలకు వెళుతుందని అనుకోవడం భ్రమ. ఆమె ఏ కళాశాలకూ వెళ్లదు. చేరికలు తగ్గాయన్న కారణంతో ఒక చిన్న కళాశాలలో సైన్సు కోర్సును నిలిపివేసే ముందు అధికారులు ఈ లెక్క కూడా వేయాలి. కాగితం మీద అది ఒక సెక్షన్ రద్దు. ఊళ్లో అది కొందరు ఆడపిల్లల చదువు రద్దు.

ఆడపిల్లల విషయంలో ఇంకొక సంగతిని మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. డిగ్రీ తొలి ఏడాది, చట్టం అనుమతించే 18 ఏళ్ల వివాహ వయసు, ఈ రెండూ ఒకేసారి వస్తాయి. పద్దెనిమిది నిండిన మరునాటి నుండే సంబంధాలు మొదలవుతాయి. అబ్బాయి గల్ఫ్ నుండి నెల రోజుల సెలవు మీద వచ్చాడంటారు, మంచి సంబంధం మళ్ళీ దొరకదంటారు. నిఖా తేదీ సెమిస్టరు పరీక్షల మధ్యలో పడుతుంది. “పెళ్లయ్యాక చదివిస్తాం” అన్న మాటను నమ్మి వెళ్లిన వారిలో ఎందరు తిరిగి ప్రయోగశాల గడప తొక్కారో ప్రతి కుటుంబం తన చుట్టూ చూసుకుంటే చాలు. పెళ్లి వద్దని ఎవరూ అనరు. రెండేళ్లు ఆగమనడం తప్పు కాదు. నిజంగా మంచి సంబంధమైతే ఆ రెండేళ్లూ ఆగుతుంది.

వస్త్రధారణ మీద కూడా అనవసరపు భయాలు పిల్లలను వెనక్కు లాగుతున్నాయి. ఉడుపిలో రేగిన హిజాబ్ వివాదంలో కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అదే సంవత్సరం అక్టోబరు 13న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం భిన్న తీర్పులు ఇచ్చింది. ఆ వార్తలు చూసిన తల్లిదండ్రులు ఇక్కడ కూడా అదే జరుగుతుందేమోనని కళాశాల మాటెత్తడానికే జంకారు. ప్రయోగశాలలో జాగ్రత్త అన్నది మతానికి సంబంధించిన విషయం కాదు. మంట దగ్గర వేలాడే చున్నీ, విరబోసుకున్న జుట్టు, వదులైన చొక్కా చేతులు ఎవరికైనా ప్రమాదమే. తలకండువాను బిగుతుగా చుట్టి, కొసలను నూలు ఏప్రన్ లోపలికి దోపుకుంటే పని సాఫీగా సాగుతుంది. మేము ఎరిగిన కళాశాలలో మొదటి వారంలోనే అధ్యాపకురాలు తరగతి మొత్తానికి ఒకే నియమం చెప్పడంతో విషయం ముగిసింది. శుక్రవారం మధ్యాహ్నం ప్రయోగ తరగతి పడితే జుమా సంగతి మర్యాదగా ముందే అడిగితే చాలాచోట్ల బ్యాచ్ మార్చి ఇస్తున్నారు. పోట్లాటగా మార్చకుండా అడగడం, అడిగినప్పుడు చిన్నబుచ్చకుండా వినడం రెండు పక్షాలూ అలవరచుకోవాలి.

మగపిల్లలకు ఎదురయ్యే గండం వేరు. వారిని ఇంటి అవసరం లాగుతుంది. తండ్రి మెకానిక్ షెడ్డులోనో, బిర్యానీ సెంటరులోనో సాయంత్రం పనితో మొదలై, పండగ నెలలో పగలు కూడా పనిగా మారుతుంది. ప్రయోగ తరగతులు తప్పిపోతాయి. హాజరు 75 శాతం కంటే తగ్గితే పరీక్షకూ ఉపకారవేతనానికీ ముప్పు వస్తుంది. మొదటి సెమిస్టరులో ఒకటి రెండు పేపర్లు తప్పగానే “వీడికి చదువు అబ్బదు” అని ఇంట్లో తీర్పు చెప్పేస్తారు. సెమిస్టరు పద్ధతిలో తప్పిన పేపరును మళ్ళీ రాసుకునే వీలు ఉన్నది. ఒక పేపరు తప్పడం చదువు తప్పడం కాదు. ఈ చిన్న సంగతి తెలియక చదువు మానిపించిన తండ్రులను మేము చూశాము.

కాగితాల విషయంలో మా వృత్తి అనుభవం కొంత ఉపయోగపడుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాము. మన పిల్లల దరఖాస్తులు ఆగిపోవడానికి ప్రధాన కారణం పేరు. పదో తరగతి మెమోలో ‘షేక్’ ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనుక ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరంగా మారుతుంది. ‘బాషా’, ‘పాషా’ అన్న తేడా ఒక్కటే ఏడాది ఉపకారవేతనాన్ని ఆపగలదు. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగిలిన పత్రాలన్నీ ప్రవేశానికి ముందే సరిచేయించుకోవాలి. బీసీ-ఇ జాబితాలో ఎవరు ఉన్నారో కూడా ముందే తెలుసుకోవాలి. షేక్ కుటుంబాలు అందులో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు అందులో లేరు. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బి కిందకు వస్తారు. తప్పు వర్గం కింద దరఖాస్తు చేస్తే తిరస్కరణే మిగులుతుంది. ఆదాయ ధ్రువపత్రం గడువు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం చివరి తేదీకి ముందే చూసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని కొన్ని ప్రైవేటు కళాశాలలు పిల్లల అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకుంటున్నాయి. అలా అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ప్రకటన జారీచేసింది. ఈ సంగతి తెలిసిన తండ్రి ప్రిన్సిపాల్ ఎదుట నిబ్బరంగా మాట్లాడగలుగుతాడు.

ప్రభుత్వాల వైఖరి గురించి కూడా చెప్పక తప్పదు. పీహెచ్‌డీ స్థాయి మైనారిటీ విద్యార్థులకు తోడుగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసినట్లు కేంద్రం 2022 డిసెంబరులో లోక్‌సభకు తెలిపింది. అదే ఏడాది ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేసింది. కింది మెట్టూ పై మెట్టూ ఊడదీస్తే నడుమ ఉన్న డిగ్రీ మెట్టు మీదే బరువంతా పడుతుంది. కాబట్టి మా కోరికలు ఇవి. డిగ్రీ తొలి సంవత్సరం సైన్సు విద్యార్థులందరికీ, ఏ మతంవారైనా, ఏ మాధ్యమం నుండి వచ్చినవారైనా, కనీసం ఒక నెలపాటు భాషా వంతెన తరగతులు జరపాలి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పారిభాషిక పదాల పుస్తకాన్ని అచ్చువేసి ఉచితంగా ఇవ్వాలి. చిన్న కళాశాలల ప్రయోగశాలలకు రసాయనాల నిధి ఏడాది ఆరంభంలోనే విడుదల చేయాలి. ఖాళీ పోస్టులు భర్తీ చేయాలి. తొలి విడత ఉపకారవేతనం తొలి సెమిస్టరు ముగిసేలోగా విద్యార్థి చేతికి అందాలి.

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పనిలేదు. రికార్డు పుస్తకాలు, ఏప్రన్, బస్ పాస్, పరీక్ష ఫీజు వంటి తొలి ఏడాది ఖర్చులు ఒక సన్మాన సభకు అయ్యే ఖర్చుతో ఎందరికో తీరుతాయి. అర్హులైన పేద విద్యార్థులకు జకాత్ నుండి ఎలా సాయం చేయవచ్చో స్థానిక ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు. ప్రతి మసీదు పరిధిలో ఈ ఏడాది డిగ్రీ తొలి సంవత్సరంలో ఉన్న పిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాయాలి. నెలకొకసారి ఒక పెద్దమనిషి, అమ్మాయిల కోసం ఒక మహిళ, ఆ ఇళ్లకు వెళ్లి కుశలం అడగాలి. మార్కులను అడగనక్కరలేదు. తరగతులకు వెళుతున్నారా, ఏ పాఠం కష్టంగా ఉంది, ఫీజు కట్టారా, ఈ మూడు ప్రశ్నలు చాలు. రెండవ, మూడవ ఏడాది చదువుతున్న పిల్లలను ఆదివారం ఒక గంట తొలి ఏడాది వారితో కూర్చోబెడితే ఏ ట్యూషనూ ఇవ్వలేని ధైర్యం వస్తుంది. తాను వెళ్లివచ్చిన దారిలో గుంట ఎక్కడ ఉందో వారికే బాగా తెలుసు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలామ్ రామేశ్వరం నుండి తిరుచిరాపల్లి వెళ్లి సెయింట్ జోసెఫ్ కళాశాలలో బీఎస్సీ చదివారు. ఆ తరువాత మద్రాసులో ఇంజనీరింగు ప్రవేశానికి డబ్బు లేనప్పుడు అక్క జోహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన ఫోటోను మన దుకాణాల్లో, పాఠశాలల్లో గౌరవంగా పెట్టుకున్నాం. ఆ ఫోటో వెనుక ఉన్న అక్కను కూడా గుర్తుంచుకోవాలి. ఆమె ఏ పాఠమూ చెప్పలేదు. అవసరమైన వేళ తమ్ముడి చదువు ఆగిపోనివ్వలేదు, అంతే. ప్రతి ఇంట్లో అలాంటి మనిషి ఒకరు ఉంటే చాలు.

ఉర్దూ బడుల్లో రేపటి సైన్సు పాఠం ఎవరు చెప్పాలి? మన పేట పిల్లలకు ‘తుర్షా’ను, ‘ఆమ్లాన్ని’, ‘యాసిడ్‌’ను ఒకే నోటితో వివరించగల ఉపాధ్యాయురాలు ఎక్కడి నుండి రావాలి? నేడు ఏదో ఒక చిన్న కళాశాలలో పరీక్షనాళిక పట్టుకుని చేయి వణుకుతున్న అమ్మాయే రేపు ఆ ఉపాధ్యాయురాలు కావాలి. ఈ విద్యాసంవత్సరంలో మీ వీధిలో డిగ్రీ తొలి ఏడాది చదువుతున్న బిడ్డ ఎవరో ఈ వారమే తెలుసుకోండి. వెళ్లి పలకరించండి. రెండవ ఏడాది రెన్యువల్ దరఖాస్తుతో ఆ బిడ్డ తిరిగి వచ్చిన రోజున, ఇన్‌షా అల్లాహ్, ఆ సంతోషంలో మీకూ వాటా ఉంటుంది.